అల్లం, అరేబియా, అర్బుదం

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఇద్దరు గొప్ప పండితులు అల్లం విషయంలో ఒకే పొరపాటు చేశారు. అల్లం ప్రధానంగా అరేబియాలోను, ఎర్ర సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న ట్రోగ్లోడిటికాలోను పండుతుందని గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ తన ఓషధీగ్రంథంలో రాశాడు. రోమన్ రచయిత ప్లినీ కూడా ఆ మాటే అన్నాడు. అల్లం మిరియపు తీగ వేరు కాదని మాత్రం ప్లినీ సరిగ్గానే గుర్తించాడు. ఒక రోమన్ పౌను అల్లం ధర ఆరు దెనారీలనీ, నల్ల మిరియాల ధర నాలుగనీ కూడా నమోదు చేశాడు. ఆయనకు సరుకు తెలుసు, ధర తెలుసు, పుట్టిన చోటు మాత్రం తెలియదు.

అరేబియాలో అల్లం అసలే మొలవదని కాదు. కొన్ని చోట్ల పెంచినట్టు తరువాతి అరబ్బు రచయితలే చెప్పారు. కాని అల్లం దక్షిణ, ఆగ్నేయాసియాల సాగుమొక్క. రోమ్‌కు చేరిన సరుకు భారతదేశపు పడమటి తీరం నుంచి బయలుదేరి, అరబ్బుల చేతుల మీదుగా వెళ్ళింది. ఆఖరున తమకు అందించిన రేవునే రోమన్లు పుట్టిల్లు అనుకున్నారు. మధ్యలో ఉన్న దూరం వారి కంటికి ఆనలేదు.

ఈ పొరపాటును ఇక్కడ గుర్తు చేయటానికి కారణం ఉంది. అల్లంలోని సహజ పదార్థాలు కాన్సర్‌ను అరికడతాయన్న మాట ఈనాడు పరిశోధనపత్రాల నుంచి కుటుంబాల వాట్సాప్ బృందాల దాకా వినిపిస్తోంది. అది పూర్తిగా కల్పన కాదు. జెడ్డాలోను, తిరువనంతపురంలోను, సియోల్‌లోను ప్రయోగశాలల్లో నిజంగానే కాన్సర్ కణాలు చనిపోయాయి. కాని ఆ గాజుపళ్ళానికీ రోగి శరీరానికీ మధ్య కూడా ఒక దూరం ఉంది. ఆ దూరాన్ని మరచిపోవటం డయోస్కోరిడీస్ పొరపాటుకు కొత్త రూపమే. తేడా ఏమిటంటే, ఆనాటి పొరపాటు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు.

పేరు చేసిన ప్రయాణం

సంస్కృతంలో అల్లానికి శృంగవేరం, శృంగబేరం అని పేర్లు. శృంగం అంటే కొమ్ము కనుక, కొమ్ముల వంటి ఆకారం కలది అని వ్యుత్పత్తి చెబుతారు. భాషాశాస్త్రజ్ఞులు మరో దారి చూపిస్తారు. తమిళ మలయాళాల్లో అల్లం పేరు ఇంజి. దానికి ‘వేర్’ అన్న మాట చేరిన ఒక ప్రాచీన ద్రావిడ సమాసమే ఉత్తరాదికి వెళ్ళి, కొమ్ము అనే అర్థం తోచేలా సంస్కృతంలో మారిందని వారి అభిప్రాయం. పాళీలో అది సింగివేర. అక్కడి నుంచి గ్రీకులో జింగిబెరిస్, లాటిన్‌లో జింగిబెర్. పారశీక, అరమాయిక్ భాషల మీదుగా అరబీలో జంజబీల్. ఇంగ్లీషు జింజర్ కూడా ఈ వంశంలోదే. ఈ ఒక్క మాట ప్రయాణం మీద ఏ.ఎస్.సి. రాస్ 1952లో ఒక పుస్తకమే ప్రచురించాడు.

ఈ లెక్కన జంజబీల్ చివర ఉన్న ‘బీల్’ మన తెలుగు ‘వేరు’కు దూరపు చుట్టం. విచిత్రమేమిటంటే, తెలుగువాళ్ళం వాడుకలో ఆ పేరు తీసుకోలేదు. పచ్చిగా ఉంటే అల్లం, ఎండితే శొంఠి అని రెండు వేరు వేరు మాటలు పెట్టుకున్నాం. ఈ రెండు మాటల సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది.

జెడ్డా రేవు

ఏడవ శతాబ్దం నాటికే జంజబీల్ అరబ్బులకు పరిచితమైన మాట. ఖురాన్ 76వ అధ్యాయం 17వ వాక్యంలో స్వర్గవాసులకు అందించే పానీయంలో జంజబీల్ కలిసి ఉంటుందన్న ప్రస్తావన ఉంది. వినేవారికి ఆ రుచి, దాని విలువ తెలియకపోతే అటువంటి పోలికకు అర్థం ఉండదు. హిందూదేశపు రాజు ఒకరు ప్రవక్తకు జాడీ నిండా జంజబీల్ కానుకగా పంపారన్న కథనం పదవ, పదకొండవ శతాబ్దాల నాటి హాకిమ్ సంకలనంలో కనిపిస్తుంది. హదీసు విమర్శకులు దాని పరంపర బలహీనమని తేల్చారు. అయినా చరిత్రకారుడికి అందులో ఒక సమాచారం ఉంది: అల్లం హింద్ నుంచి వస్తుందని, అది రాజులు పంపదగిన కానుక అని అరేబియా సమాజం అనుకునేది.

తొమ్మిదవ శతాబ్దపు వృక్షశాస్త్రవేత్త అబూ హనీఫా అల్ దీనవరి ఈ విషయంలో డయోస్కోరిడీస్ కంటె జాగ్రత్తపరుడు. జంజబీల్ ఒమాన్ ప్రాంతంలో పెరుగుతుందని, చెట్టు కాదని, నేలలో పాకే వేరని, అడవిలో దొరకదని చెప్పాడు. పచ్చిగా ఆకుకూరలా తింటారని, ఎండబెట్టి కూడా వాడతారని వివరించాడు. మేలు రకం మాత్రం జంజ్ తీరం నుంచి, చైనా నుంచి వచ్చేదేనన్నాడు. సొంత గడ్డ మీద పెరిగే మొక్కకూ, అంగడికి దిగే సరుకుకూ తేడా చూసినవాడి మాటలివి.

పదిహేనవ శతాబ్దంలో మమ్లూక్ సుల్తాన్ బర్స్‌బాయ్ విధానాల వల్ల హిందూమహాసముద్రపు ఓడలు ఏడెన్‌ను కాదని జెడ్డాకు రావటం మొదలుపెట్టాయి. 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామా బృందంలో ఒకరు రాసిన దినచర్యలో ఈ మార్గం స్పష్టంగా ఉంది. మిరియాలు, అల్లం, దాల్చినచెక్క కాలికట్‌లో ఎక్కించుకున్న మక్కా ఓడలు యాభై రోజుల్లో జెడ్డా చేరతాయి. అక్కడ సుంకం కట్టి చిన్న పడవల్లోకి మార్చిన సరుకు సీనాయ్ తీరానికి, అక్కడి నుంచి ఒంటెల మీద కైరోకు, నైలు మీదుగా అలెగ్జాండ్రియాకు, చివరకు వెనిస్, జెనోవా ఓడల్లోకి చేరుతుంది. ప్రతి మజిలీలోనూ సుంకం పెరిగింది. చేతులు మారేకొద్దీ ధరతోపాటు కథలూ పెరగటం సుగంధద్రవ్యాల వ్యాపారానికి కొత్త కాదు.

ఆ రేవుపట్టణపు పాత భాగమే అల్ బలద్. దానిని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్మే అత్తార్ అంగళ్ళు అరబ్బు బజార్లలో ఇప్పటికీ ఉన్నాయి. సౌదీ దక్షిణ ప్రాంతాలైన జాజాన్, అసీర్‌లలోను, పొరుగున యెమెన్‌లోను కాఫీగింజల పొట్టును అల్లంతో మరిగించి ‘కిష్ర్’ అనే పానీయంగా తాగుతారు. హైదరాబాదు నుంచో కరీంనగర్ నుంచో జెడ్డాకు ఉద్యోగానికి వెళ్ళిన తెలుగువారికి అల్లం టీ కోసం వెతుక్కోవలసిన పని లేదు. వాళ్ళ కంటె రెండువేల ఏళ్ళ ముందే అల్లం ఆ దారిన నడిచింది.

వైద్యులు ఏమన్నారు?

అమరకోశం శొంఠికి ఇచ్చిన పర్యాయపదాల్లో మహౌషధం, విశ్వభేషజం ఉన్నాయి. రెండవదానికి ‘అన్నిటికీ మందు’ అని అర్థం. శొంఠి లేని కషాయం లేదని తెలుగు సామెత. ఇంత పెద్ద పేర్లు చూసి, మన పూర్వులు అర్బుదానికి కూడా శొంఠినే మందుగా భావించారని అనుకోవటం సులభం. కాని సామెత చెప్పేది శొంఠి ప్రతి కషాయంలోనూ ఉంటుందని మాత్రమే. శొంఠి ఒక్కటే చాలునని కాదు. జీర్ణం, కఫం, వాతం, బాలింత పథ్యం - వాడుకలో దాని రాజ్యం ఇది. బాలింతకు మొదటి ముద్దలో నేతితో శొంఠిపొడి కలిపి పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

అరబ్బు వైద్యంలోనూ దాదాపు ఇదే చిత్రం. పదకొండవ శతాబ్దపు ఇబ్న్ సీనా తన ‘కానూన్’లో జంజబీల్‌ను మూడవ స్థాయి వేడిమి, రెండవ స్థాయి పొడిదనం కల ద్రవ్యంగా వర్గీకరించాడు. జీర్ణానికి తోడ్పడుతుందని, జ్ఞాపకశక్తిని పెంచుతుందని, చలువ చేసిన కాలేయానికి, జీర్ణాశయానికి మంచిదని చెప్పాడు. కాన్సర్‌ను అరబ్బులు సరతాన్ అన్నారు. గ్రీకు పదంలాగే దానికి ఎండ్రకాయ అని అర్థం. ఆ జబ్బు దగ్గరకు వచ్చేసరికి వారి స్వరం మారిపోతుంది. చిన్నదిగా ఉండగా, చుట్టూ ఉన్న భాగంతో సహా కోసి తీసివేయగలిగితేనే ఆశ ఉందని ఇబ్న్ సీనా భావించాడు. స్పెయిన్‌లోని శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ మరింత నిక్కచ్చిగా రాశాడు: ముదిరిన సరతాన్‌ను తాను ఎన్నడూ నయం చేయలేదు, చేసినవారినీ చూడలేదు అని. వెయ్యేళ్ళ కిందట, చేతిలో అన్ని మూలికలూ ఉన్న వైద్యుడు చెప్పిన మాట ఇది. అల్లం కాన్సర్‌కు మందన్న ఆలోచన ప్రాచీనుల నోట పెట్టటం వారికి న్యాయం చేయటం కాదు. అది ప్రధానంగా గత ముప్ఫై ఏళ్ళ ప్రయోగశాలల ఆలోచన.

ఘాటుకు పేరు పెట్టటం

ప్రయోగశాల దాకా రావాలంటే ముందు ఘాటు ఒక పదార్థంగా విడిపడాలి. 1879లో ఇంగ్లండులో జాన్ థ్రెష్ అల్లంలోని ఘాటైన భాగానికి జింజెరాల్ అని పేరు పెట్టాడు. 1917, 1918 సంవత్సరాల్లో జపానులో నొమురా మరో రెండు పదార్థాలను వర్ణించాడు: జింజెరోన్, షోగోల్. రెండవ పేరు జపాను భాషలో అల్లాన్ని సూచించే ‘షోగా’ నుంచి వచ్చింది.

ఈ మూడింటి మధ్య చుట్టరికం మన వంటింటికి తెలిసినదే. పచ్చి అల్లంలో ఎక్కువగా ఉండేది జింజెరాల్. ఎండినప్పుడు, వేడి తగిలినప్పుడు దాని అణువు నుంచి ఒక నీటి అణువు విడిపోయి షోగోల్ ఏర్పడుతుంది. షోగోల్ మరింత ఘాటు. ఉడికినప్పుడు జింజెరాల్ విరిగి, మెత్తని తీపి వాసన గల జింజెరోన్ కూడా పుడుతుంది. అంటే అల్లం, శొంఠి అని మన భాష రెండు మాటలు పెట్టుకోవటానికి రసాయనశాస్త్రంలో కూడా ఆధారం ఉంది. ‘అల్లం పని చేస్తుంది’ అనే ఏ వాక్యాన్నైనా చదివినప్పుడు ‘ఏ అల్లం?’ అని అడగటానికి ఇదే మొదటి కారణం.

గాజుపళ్ళెంలో

1996లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు అల్లపు సారాన్ని ఎలుకల చర్మం మీద పూసి, రసాయనాల వల్ల వచ్చే కణితులు తగ్గాయని చూపారు. 1998లో సియోల్ పరిశోధకులు జింజెరాల్ తాకిడికి రక్తకాన్సర్ కణాలు తమంతట తాము చనిపోతున్నాయని ప్రకటించారు. కణం తనను తాను క్రమపద్ధతిలో ముగించుకునే ఈ ప్రక్రియను అపోప్టోసిస్ అంటారు. కాన్సర్ కణం మరచిపోయేది ముఖ్యంగా దీనినే.

ఈ వరసలో సౌదీ అరేబియా ప్రయోగశాలలూ చేరాయి. ఆ దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే కాన్సర్ రొమ్ము కాన్సర్. 2012లో జెడ్డాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన అయ్‌మన్ ఎల్కాడి, ఆయన సహచరులు రెండు రకాల రొమ్ము కాన్సర్ కణాల మీద అల్లపు సారాన్ని పరీక్షించారు. ఎంసిఎఫ్-7, ఎండిఎ-ఎంబి-231 అనే ఆ రెండు కణవంశాల పెరుగుదల ఆగిపోయింది. కణాలను బతికించే జన్యువుల పని తగ్గి, చావుకు దారితీసే బాక్స్ ప్రోటీను పెరిగింది. పోల్చి చూడటానికి తీసుకున్న మామూలు రొమ్ము కణాలకు మాత్రం చెప్పుకోదగిన హాని జరగలేదు. ఈ చివరి పరిశీలనే అన్నిటికంటె ఆశ పుట్టించేది; కాన్సర్ మందుల అసలు చిక్కంతా శత్రువునూ మిత్రుణ్ణీ కలిపి కొట్టటమే కదా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ కణాల ఊరు పేరు అడగాలి. ఎంసిఎఫ్-7 కణాలు 1970లో మరణించిన ఒక క్రైస్తవ సన్యాసిని శరీరం నుంచి తీసినవి. ఆమె పోయి దశాబ్దాలు గడిచినా ఆ కణాలు ప్రపంచమంతటా గాజుపళ్ళాల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటికి కాలేయం లేదు, రక్తప్రసరణ లేదు, రోగనిరోధక వ్యవస్థ లేదు. కణానికి మందు నేరుగా, కోరినంత మోతాదులో తగులుతుంది. జెడ్డా పరిశోధకులు చెప్పింది ఆ కణాల గురించి. వాట్సాప్ విన్నది రోగుల గురించి.

2015లో మరింత ప్రసిద్ధమైన పత్రం కేరళ నుంచే వచ్చింది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ కేంద్రం పరిశోధకులు 6-షోగోల్‌ను రొమ్ము కాన్సర్ కణాల మీద, ఆ కణాలు గుండ్రని ముద్దలుగా పెరిగే గోళాకారపు సమూహాల మీద పరీక్షించారు. టాక్సాల్ అనే కీమోథెరపీ మందు పలచని పొరగా పెరిగిన కణాల మీద గట్టిగా పనిచేసింది. కాని ముద్దల మీద, షోగోల్ కంటె పదివేల రెట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చినా పనిచేయలేదు. ఒక ప్రత్యేక పరిస్థితికి సంబంధించిన ఈ పోలిక పత్రం గడప దాటగానే ‘అల్లం కీమో కంటె పదివేల రెట్లు శక్తిమంతం’ అన్న నినాదమైంది. అందులో మొదట పోయినవి గోళాలు, తరువాత గాజుపళ్ళెం, ఆ తరువాత షోగోల్. చివరకు మిగిలినవి అల్లం, పదివేలు. కాలికట్ నుంచి వెనిస్ దాకా ప్రతి మజిలీలో ధర పెరిగినట్టే ఇక్కడ ప్రతి మజిలీలో అర్థం పెరిగింది.

నోటి నుంచి కణితి దాకా

ఈ దూరాన్ని నిజంగా కొలిచినవారు ఉన్నారు. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సుజానా జిక్, ఆమె బృందం ఆరోగ్యవంతులకు 100 మిల్లీగ్రాముల నుంచి 2 గ్రాముల దాకా అల్లపు సారం ఇచ్చి, రక్తంలో ఏమి చేరుతుందో చూశారు. విడి జింజెరాల్ గాని, విడి షోగోల్ గాని వారికి కనిపించలేదు. శరీరం వాటికి గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించి, బయటకు పంపటానికి అనువుగా మార్చేసింది. తరువాత మరింత సున్నితమైన పరికరాలతో విడి షోగోల్ కనిపించింది గాని, మిల్లీలీటరు రక్తద్రవంలో కొద్ది పదుల నానోగ్రాములకు మించలేదు. కణాల ప్రయోగాల్లో మామూలుగా కనిపించే 10 మైక్రోమోలార్ గాఢతను అదే కొలతలోకి మారిస్తే సుమారు 2,760 నానోగ్రాములు అవుతుంది. తేడా వంద రెట్ల స్థాయిలో ఉంది. శొంఠి ఎక్కువ తిని ఈ అఖాతాన్ని పూడ్చటం సాధ్యం కాదు. కడుపు ముందు ఎదురు తిరుగుతుంది.

జీర్ణనాళపు గోడకు మాత్రం అల్లం నేరుగా తగులుతుంది. అందుకే అదే బృందం 2011లో పెద్దపేగు మీద దృష్టి పెట్టింది. ముప్ఫై మందికి 28 రోజులపాటు రోజుకు 2 గ్రాముల అల్లం గాని, ఉత్త గుళికలు గాని ఇచ్చి, పేగు పొరలో వాపును కలిగించే పదార్థాలను కొలిచారు. ఒక రకంగా లెక్కిస్తే తగ్గుదల కనిపించింది. మరో రకంగా లెక్కిస్తే తేడా తేలలేదు. అది కాన్సర్ రాకుండా ఆపిందా అనేది ఆ చిన్న పరీక్ష అడిగిన ప్రశ్నే కాదు.

సహజ పదార్థాలు కాన్సర్ మందులు కాలేవని దీని అర్థం కాదు. పదివేల రెట్ల కథలో ఓడిపోయినట్టు చెప్పే టాక్సాల్ కూడా సహజ పదార్థమే. అది పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు నుంచి వచ్చింది. దాని నిర్మాణం 1971లో ప్రకటించారు. అమెరికాలో మందుగా అనుమతి 1992లో దొరికింది. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తకాన్సర్ చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు. మధుమేహానికి వాడే నాటుమందుగా ఆ మొక్కను పరీక్షించబోయి, దానికి తెల్లరక్తకణాలను తగ్గించే గుణం ఉందని గమనించారు. ఏ రోగి కూడా బిళ్ళగన్నేరు ఆకు నమిలి బతకలేదు. ఆకు నుంచి అణువును వేరుచేసి, మోతాదు కట్టి, నరంలోకి ఎక్కించి, హానిని లెక్కగట్టిన తరువాతే అది మందైంది.

తెలుగువారికి ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పని చేయించారు. ఆకుకూరల్లో ఉండే మేలైన పోషకం అది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు తోచింది. అప్పుడు దానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్‌ను లెడర్లీ అందించగా, 1948లో ఫార్బర్ కొంతమంది పిల్లల్లో తాత్కాలికమైన కోలుకోలును నివేదించాడు. నేటి మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. ఒంటికి మంచిదైనది కాన్సర్‌కు చెడ్డది కావాలన్న నియమం లేదని, అది కాన్సర్‌కు కూడా మంచిదే కావచ్చని ఈ కథ చెబుతుంది. అది తేలింది రోగి పక్కన నిలబడి చూసినందువల్ల.

అల్లం నిజంగా ఇచ్చేది

కాన్సర్ వార్డులో అల్లానికి సంపాదించుకున్న చోటు ఒకటి ఉంది. అది దాని పాత రాజ్యమే. 2012లో జూలీ రయన్, ఆమె సహచరులు అమెరికాలో 576 మంది కాన్సర్ రోగుల ఫలితాలు ప్రచురించారు. వాంతి నిరోధక మందులతోపాటు, కీమోకు మూడు రోజుల ముందు నుంచి మొత్తం ఆరు రోజులు అల్లపు గుళికలు తీసుకున్నవారిలో మొదటి రోజు వికారం తగ్గింది. అన్నిటికంటె మేలు చేసినవి రోజుకు అర గ్రాము, ఒక గ్రాము మోతాదులు. ఒకటిన్నర గ్రాము అంతకు మించి సాయపడలేదు. ఎక్కువైతే ఎక్కువ మేలు అన్న నమ్మకానికి అల్లమే ఇచ్చిన జవాబు ఇది. తరువాతి పరీక్షల ఫలితాలు ఒకే తీరుగా లేవు. అయినా వికారంతో ముద్ద దిగని రోగికి ఆ కొద్దిపాటి ఊరట చిన్న విషయం కాదు. దానికైనా ముందు చికిత్స చేసే డాక్టరుకు చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు మరీ ముఖ్యంగా.

రెండో వైపు లెక్క కూడా తెలుసుకోవాలి. 2018లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, నయమయ్యే దశలో ఉండి కూడా ప్రామాణిక చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే ఎంచుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చారు. మొదటి బృందంలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. విదేశంలో ఉన్న మనలో చాలామంది ఊళ్ళోని తల్లిదండ్రుల జబ్బును ఫోనులోనే చూస్తున్నాం. ‘ఆపరేషనుకు తొందరేముంది, ముందు శొంఠి వాడి చూద్దాం’ అని ఆ చివర నుంచి వినిపించినప్పుడు, ఆ రెండున్నర రెట్లు ఎవరికి వర్తిస్తాయో మనకు తెలియాలి.

డయోస్కోరిడీస్‌ను తప్పుపట్టలేం, కాలికట్‌కు వెళ్ళి చూసే దారి ఆయనకు లేదు. మనకు ఉంది. ఏ అల్లం, ఎంత మోతాదు, ఏ కణాల మీద, ఎలుకలోనా మనిషిలోనా అన్న నాలుగు ప్రశ్నలు వేస్తే దూరం ఎంతో తెలిసిపోతుంది. జెడ్డా పరిశోధకులు, తిరువనంతపురం పరిశోధకులు తమ వంతు మజిలీని నిజాయితీగా నడిచారు. మిగిలిన దారి ఇంకా ఉంది. అది పూర్తయ్యేదాకా శొంఠి కషాయంలో ఉండవచ్చు. చికిత్స స్థానంలో ఉండకూడదు.